పార్వతీశం టోపీ, పదహారేళ్ల పాఠకుడు

తాను చెప్పేదంతా నిజమేనన్న ధీమాతో సగం సగం చెప్పే కథకుణ్ణి ఎదిగే పిల్లల చేతికి ఇవ్వొచ్చా? పిల్లల పుస్తకమంటే చెప్పేవాడిదే ఒప్పు, చదివేవాడు బుద్ధిగా నేర్చుకోవాలి అన్నదే మన దగ్గర నడిచే పద్ధతి. నా వాదం దీనికి ఎదురు. చెప్పేవాణ్ణి అనుమానించనిచ్చే కథే పదహారేళ్ల పాఠకుణ్ణి తెలివైనవాడిగా లెక్కగడుతుంది. ఇదేదో కొత్తగా దిగుమతైన సరుకనుకోనక్కర్లేదు. అమెరికన్ విమర్శకుడు వేన్ బూత్ 1961లో ‘నమ్మదగని కథకుడు’ అన్న మాటను విమర్శలోకి తెచ్చేనాటికే మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టరు పార్వతీశం’ మొదటి భాగానికి ముప్పై ఏళ్లు దాటాయి.

మొగల్తూరు కుర్రాడు పార్వతీశం ఇంట్లో చెప్పకుండా సీమకు, అంటే ఇంగ్లండుకు, బయల్దేరాడు. దారిలో మద్రాసులో ఓ టోపీ కొన్నాడు. అది దొరసానులు పెట్టుకునేది. జరిగిపోయిన సంగతులు చెబుతున్నది పార్వతీశమే కనుక, చెప్పేనాటికి అది ఎవరి టోపీయో అతనికి తెలుసు. అయినా కొన్నప్పటి మోజునే మన ముందు పెడతాడు, తర్వాత తెలిసినదాన్ని దాచుకుంటాడు. తనను చూసి నవ్వినవాళ్ల నవ్వును మాత్రం దాచడు. రచయిత నేర్పంతా అక్కడుంది: మాట పార్వతీశానిది, సాక్ష్యం పక్కవాళ్లది. ఆ రెండూ పొసగడం లేదని పసిగట్టిన పాఠకుడు కథకుడికంటే ముందే అసలు సంగతికి చేరతాడు. ఇ. లాక్‌హార్ట్ ‘వి వర్ లయర్స్’ (2014)లో కథ చెప్పే అమ్మాయి మరిచిపోయిన నిజం చివర్లో బయటపడి ఉలిక్కిపడేలా చేస్తుంది. పుస్తకం మళ్లీ మొదటినుంచి చదవాలనిపిస్తుంది, ఒప్పుకుంటాను. నా ఓటు మాత్రం టోపీకే. అక్కడ పాఠకుడికి మొదటినుంచీ పని ఉంటుంది.

ఇక్కడ విమర్శకుడు మైక్ కాడన్ 2000లో లేవనెత్తిన అభ్యంతరం ఒకటుంది. పెద్దవాడు కుర్రాడి గొంతు అరువు తెచ్చుకుని, ఆ గొంతును సందేహించే దారి పాఠకుడికి చూపకపోతే అది న్యాయమేనా? గట్టి ప్రశ్నే. పార్వతీశంలో ఆ దారి ఉంది. 1950లలో వచ్చిన ముళ్లపూడి ‘బుడుగు’లోనూ ఉంది. బాబాయికీ రెండుజెళ్ల సీతకూ మధ్య సంగతి బుడుగు చూసింది చూసినట్టే చెబుతాడు, అర్థం మాత్రం తనకు తోచినట్టు చెబుతాడు. పెద్దవాళ్ల మాటలు వాడి నోట వంకర తిరిగినా మనకు తిన్నగానే వినిపిస్తాయి. మరి నామిని కథలూ, ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ చదివేటప్పుడు మనకు అనుమానమే రాదు. ఇంటి యాస చెవిన పడగానే నమ్మేస్తాం. యాస నిజానికి హామీ ఇవ్వదు కదా! కాడన్ ప్రశ్న అక్కడ మనకూ తగులుతుంది.

ఇవన్నీ పెద్దల పుస్తకాలు, పిల్లలకు ఈ మెలికలు అందవు అంటారు కొందరు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి కోచింగుకు వెళ్లే పిల్లలు రాత్రి ఇంటికి ఫోను చేసి ‘తిన్నానమ్మా, చదువు బాగానే సాగుతోంది’ అంటారు. అన్నం తినలేదని తల్లి వాళ్ల గొంతునుబట్టే పోల్చుకుంటుంది. ఆమె పోల్చుకుందని వాళ్లకూ తెలుస్తుంది. రోజూ ఈ విద్యలో ఉన్నవాళ్లకు పార్వతీశం కొరుకుడుపడడా? భాష పాతబడింది, అది వేరే ఇబ్బంది. దానికి నవీన్ ‘అంపశయ్య’ (1969) ఉంది. ఉస్మానియా హాస్టల్లో రవి ఒక్కరోజు ఆలోచనలు ఈ హాస్టల్ పిల్లలకు దూరమేమీ కాదు. బడుల్లో ఈ పుస్తకాలు చదివించి, ‘ఏమి నీతి గ్రహించావు’ అనే బదులు ‘ఇతను ఎక్కడ దాస్తున్నాడు, నీకెలా తెలిసింది’ అని అడిగి చూడండి. తప్పు జవాబులూ వస్తాయి. పుస్తకంలో ఆ వాక్యం చూపించమనాలి. చూపించగలిగితే, మాస్టారికి నచ్చకపోయినా, మార్కులు వేయాలి.