అద్దాల దుకాణానికి జాగ ఎవరు చూస్తారు?



సెల్‌ఫోన్ దుకాణాల మీద మాట్లాడుకుందామంటే ఇంతమంది వచ్చారు. కౌంటర్ వెనక పొద్దంతా నిలబడి ఫోన్లు అమ్మే తమ్ముళ్లున్నారు. కోఠి గుజరాతీ గల్లీలో సామాన్లు కొని బస్తీల్లో రిపేరు చేసుకునేవాళ్లున్నారు. డిగ్రీ పట్టా పట్టుకుని ఏ షోరూం పిలుస్తుందా అని చూసేవాళ్లున్నారు. మీ అందరికీ పనికొచ్చే సంగతి కాబట్టి లెక్కలతోనే మాట్లాడదాం.

2024 అక్టోబర్‌లో యాపిల్ కంపెనీ మన దేశంలో మరో నాలుగు సొంత దుకాణాలు పెడతామని ప్రకటించింది. బెంగళూరుకు ఒకటి, పుణెకు ఒకటి, ఢిల్లీ చుట్టుపక్కల ఒకటి, ముంబైకి ఒకటి. అంతకు ముందు 2023 ఏప్రిల్‌లో తెరిచిన రెండూ ముంబై, ఢిల్లీలవే. అంటే ముంబైకి రెండో దుకాణం కూడా రాసిపెట్టారు, హైదరాబాద్ పేరు మాత్రం ఆ జాబితాలో లేదు. మన నగరానికి ఏం తక్కువైందని అప్పటి నుంచి మమ్మల్ని అడుగుతున్నవాళ్లు చాలామంది. గిరాకీ తక్కువా? 2018 ఆగస్టులో ఐకియా దేశంలో తన మొట్టమొదటి దుకాణాన్ని హైటెక్ సిటీలోనే తెరిచింది. కుర్చీలు, బల్లలు కొననీకి బారులు తీరిన జనం ఫోన్ కొనరా?

గిరాకీ ఒక్కటే చూసి జాగ ఖాయం చేస్తారనుకోవడం అమాయకత్వం. ముంబైలో ఏం జరిగిందో చూడండి. బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లోని ఆ మాల్ రిలయన్స్ వాళ్లది. రిజిస్టరైన లీజు కాగితాలను బట్టి 2023లో పత్రికలు రాసిన దాని ప్రకారం 20 వేల పైచిలుకు చదరపు అడుగుల జాగ, 11 ఏళ్ల ఒప్పందం, నెలకు 42 లక్షల కిరాయి. దాని మీద అమ్మకాల్లో మొదటి మూడేళ్లు 2 శాతం, ఆ తర్వాత రెండున్నర శాతం వాటా. ఢిల్లీ సాకేత్‌లో 8,400 చదరపు అడుగుల చిల్లరకు నెలకు 40 లక్షలు. లెక్క వేసుకోండి. ఢిల్లీలో అడుగుకు పడేదాంట్లో ముంబైలో సగం కూడా పడలేదు. ముంబై అగ్గువ ఊరు కాదని అందరికీ తెలుసు. ఈ ఒక్క దుకాణం ఉంటే తక్కిన మడిగెలకు గిరాకీ పెరుగుతుందని మాల్ యజమాని దిగివచ్చి ఉంటాడని మా అంచనా. వారాంతపు అంగడిలో పేరున్న యాపారికి మొదటి వరుస ఇచ్చినట్టే ఇది కూడా.

అదే ఒప్పందంలో ఇంకో షరతు ఉంది. దుకాణం చుట్టూ గీసిన హద్దులో 22 కంపెనీలు జాగ తీసుకోకూడదు, బోర్డు కట్టకూడదు. గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్, సోనీ ఆ జాబితాలో ఉన్నాయి. యాపిల్‌కే సరుకు చేసిపెట్టే ఫాక్స్‌కాన్ పేరు కూడా ఉంది! చేసేవాడికి అమ్మే గడపలో చోటు లేదన్నమాట.

కోర్టులు కూడా జాగను మారుస్తాయి. అమెరికాలోని టెక్సస్‌లో ప్లేనో, ఫ్రిస్కో అనే రెండు ఊళ్లలో యాపిల్ దుకాణాలుండేవి. డబ్బున్న ఊళ్లే, గిరాకీ కొదవలేదు. 2019 ఏప్రిల్‌లో రెంటినీ ఒకే రోజు మూసి, పక్కనే డాలస్‌లో కొత్తది తెరిచారు. ఆ రెండు ఊళ్లూ టెక్సస్ తూర్పు జిల్లా ఫెడరల్ కోర్టు పరిధిలోకి వస్తాయి. పేటెంట్ దావాలు వేసేవాళ్లకు అనుకూలమని పేరుపడ్డ కోర్టు అది. 2017లో వచ్చిన తీర్పుల తర్వాత, ఒక కంపెనీకి వ్యాపార స్థలం ఉన్న చోటే దాని మీద అట్లాంటి దావా వేయడం తేలికైంది. కంపెనీ కారణం చెప్పలేదు గానీ లోకమంతా అట్లాగే అర్థం చేసుకుంది. న్యూయార్క్‌లోనే 2002లో మన్‌హట్టన్‌కు దుకాణం వస్తే, పాతిక లక్షల జనమున్న బ్రూక్లిన్ 2016 దాకా ఎదురుచూసింది. వచ్చింది కూడా బ్రూక్లిన్ పేదల వాడకు కాదు, అప్పటికే కిరాయిలు ఆకాశానికంటిన విలియమ్స్‌బర్గ్‌కు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2016 మే 19న ఆ కంపెనీ అధినేత టిమ్ కుక్ స్వయంగా హైదరాబాద్ వచ్చి మ్యాపుల పని చేసే కార్యాలయాన్ని ప్రారంభించారు. 4 వేల ఉద్యోగాల వరకు వస్తాయన్నారు. 2023 మేలో కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది, 2025లో అక్కడ యాపిల్ ఎయిర్‌పాడ్స్ తయారీ మొదలైంది. అంటే లోకం దారి వెతుక్కునే మ్యాపులో మన పిల్లల పని ఉంది, చెవిలో పెట్టుకునే యంత్రంలో మన పిల్లల చెయ్యి ఉంది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఒకే బ్రాండు సరుకు అమ్మే విదేశీ కంపెనీ సగానికి మించి సొంత పెట్టుబడితో దుకాణం పెట్టుకోవాలంటే 30 శాతం సరుకు ఇక్కడే కొనాలని 2012 నుంచి కేంద్రం షరతు ఉంది. ఏళ్ల తరబడి యాపిల్‌కు అడ్డం పడ్డది అదే. 2019 ఆగస్టులో కేంద్రం సడలించింది. ఆ బ్రాండు కోసం ఈ దేశంలో కొన్నదంతా, బయటి దేశాలకు పంపినా సరే, లెక్కలోకి వస్తుందన్నారు. దుకాణం కట్టకముందే ఆన్‌లైన్‌లో అమ్ముకోవచ్చన్నారు. 2020 సెప్టెంబర్‌లో ఆన్‌లైన్ అమ్మకం మొదలైంది, 2023లో దుకాణం తలుపు తెరిచింది. దీని అర్థం ఏమిటి? కొంగరకలాన్‌లో షిఫ్టు చేసే ఆడబిడ్డ కష్టం కూడా ఆ 30 శాతం లెక్కలో చేరదగిందే. ఆ లెక్కతో వచ్చే అనుమతి పత్రం మీద ఏ ఊరి పేరు రాసుకోవాలో మాత్రం కంపెనీ ఇష్టం, మాల్ యజమాని ఇష్టం.

అయితే మనకూ ఒకటి కావాలని ధర్నా చేద్దామా? మేం ఆ మాట అనడం లేదు. ముంబై దుకాణంలో పెట్టుకున్నది 100 మందికి పైగా, సాకేత్‌లో 70 మందికి పైగా. మంచి కొలువులే, కాదనం. కానీ అబిడ్స్ జగదీశ్ మార్కెట్ ఒక్కటి ఎన్ని కుటుంబాలకు అన్నం పెడుతుందో మీకు చెప్పనక్కర్లేదు. రేపు దుకాణం వచ్చినా పడమటి వైపు, మాదాపూర్, గచ్చిబౌలి దిక్కుకే వస్తుందని మా లెక్క. చాంద్రాయణగుట్టకు రాదు, కరీంనగర్‌కు రాదు. 

అందుకే మన అడుగుడు వేరేగా ఉండాలి. వారంటీ మరమ్మతు ప్రతి జిల్లా కేంద్రంలో దొరకాలని అడగాలి. అసలు విడిభాగాలు బస్తీ మెకానిక్‌కు సరైన ధరకు ఎందుకు అమ్మరని అడగాలి. ఇక్కడి మాల్‌లో హద్దు గీసే షరతు రాసుకుంటే దాని లోపల చిన్న దుకాణాలవాళ్ల గతేమిటని అడగాలి.

ఆ షరతులు మనకెట్లా తెలుస్తాయంటారా? ఏడాదికి మించిన లీజు ఏదైనా 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయాల్సిందే. స్థిరాస్తి పత్రాలు నమోదయ్యే ఒకటో నంబరు పుస్తకాన్ని ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. యజమాని అయి ఉండనక్కర్లేదు, వకీలు అయి ఉండనక్కర్లేదు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి పోయేటప్పుడు మాల్ పూర్తి చిరునామా, సర్వే నంబరు రాసుకుని పోండి. ఇద్దరు ముగ్గురు కలిసి పోతే ఇంకా మంచిది.