కళ్ళు మూసుకునే వేదాంతం
(హుటాన్ మెలింటాంగ్‌లో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగం)



అణుభద్రత గురించి మాట్లాడమన్నారు. నేను ప్రోగ్రాములు రాసుకునేవాణ్ణి. మా వృత్తిలో ఒక వేదాంతం ఉంది: టెస్టింగులో కనబడని తప్పు లేనట్టే. ఈ సిద్ధాంతానికి అసలు ఆచార్యులు మీ పేరాక్ రాష్ట్రంలోనే వెలిశారు.

ఇపో దగ్గర బుకిట్ మేరాలో 1982లో ఏషియన్ రేర్ ఎర్త్ ఫ్యాక్టరీ మొదలైంది. అందులో జపాన్ మిత్సుబిషి వారికి వాటా. తగరం తవ్వగా మిగిలిన మొనజైట్ ఇసుకలోంచి విలువైన ఖనిజాలు తీసుకుంటే చివరికి మిగిలేది థోరియం చెత్త. థోరియం సగానికి తరగడానికి దాదాపు 1,400 కోట్ల ఏళ్ళు కావాలి. మన పురాణాల్లో బ్రహ్మకి ఒక పగలు 432 కోట్ల ఏళ్ళు. అంటే బ్రహ్మగారు రాత్రి నిద్ర మానుకుని మూడు పగళ్ళంత కాలం కాపలా కాసినా అది సగం కూడా తరగదు! ఇంత నెమ్మదిగా తరిగేదానికి భయమెందుకు అంటారు నిపుణులు. ఒప్పుకుంటాను. కాని దుమ్ముగా ఊపిరితిత్తుల్లో చేరితే ఆ నెమ్మదే జీవితాంతం తోడుంటుంది.

ఊరివాళ్ళు కోర్టుకెక్కారు. 1985లో స్టే వచ్చింది, 1992లో హైకోర్టులో గెలిచారు. 1993లో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి, లైసెన్సు ఇచ్చిన బోర్డుకే మొర పెట్టుకోవాల్సిందంది. దొంగ జాడ దొంగనే అడగమన్నట్టు. 1994లో ఫ్యాక్టరీ తనంతట తనే మూతపడింది. చెత్త ఇప్పుడు క్లెడాంగ్ కొండల్లో ఉంది.

ఇదంతా మీకెందుకంటే, మీ తాతముత్తాతల్లో చాలామంది ఈ తోటల్లో పనికి శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చారు. అక్కడి సముద్రపు ఇసుకలోనూ మొనజైట్ ఉంది. ఆ శ్రీకాకుళం జిల్లాలోనే కొవ్వాడ దగ్గర ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టాలని తలపెట్టారు. ఫుకుషిమా 2011లో జరిగింది కదా అంటే, అది జపాను, ఇది మనం అంటారు. జపాను వాళ్ళకి ఇంజనీరింగు సరిగా రాదు కాబోలు!

ప్రమాదానికి అవకాశం లక్షల్లో ఒకటట. మరి 2010 అణు పరిహార చట్టం ఆపరేటరు బాధ్యతని 1,500 కోట్ల రూపాయల దగ్గర ఎందుకు ఆపింది? సరఫరాదారుణ్ణి కూడా బాధ్యుణ్ణి చేసే క్లాజు చూసి విదేశీ కంపెనీలు ఏళ్ళ తరబడి ఎందుకు జంకాయి? జరగనిదానికి బీమా అంటే అంత బెంగెందుకు?

దేశానికి కరెంటు కావాలి అని మనలాంటివాళ్ళం విదేశాల నుంచి గట్టిగా వాదిస్తాం. నేనూ వాదించాను. కొవ్వాడలో ఇల్లు, వల వదిలి వెళ్ళమంటున్నది మనల్ని కాదు కదా. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఇక్కడ పాలు మనవి, మూతపడాల్సిన కళ్ళు వాళ్ళవి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.