బల్ల మీది ఫైలు – రికార్డు రూములోని ఫైలు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఫోను కొనబోతే 8 జీబీ అంటాడు, 128 జీబీ అంటాడు. రెండూ మెమరీయే కదా, ఏది దేనికండీ?" అని మన సభ్యులు చాలామంది అడుగుతున్నారు. నాకు తెలిసినంతవరకు మన ఆఫీసు భాషలో మనవి చేస్తాను.

గుమాస్తా బల్ల ఒకటి, రికార్డు రూము ఒకటి. బల్ల చిన్నది, కాని దానిమీది ఫైలు వెంటనే చేతికందుతుంది. రికార్డు రూము పెద్దది, కాని జవాను వెళ్లి తేవాలి. 8 జీబీ ర్యామ్ మన బల్ల. 128 జీబీ స్టోరేజి రికార్డు రూము. కంప్యూటరులో దీన్నే ఎస్.ఎస్.డి. అంటారు.

అయితే సాయంత్రం మనం బల్ల మీద వదిలిన ఫైలు మర్నాడు కూడా అక్కడే ఉండేది. ర్యామ్ అలా కాదు. అందులో ప్రతి అక్షరమూ అతి చిన్న విద్యుదావేశాల రూపంలో ఉంటుంది. అవి కారిపోతుంటాయి గనుక యంత్రం సాధారణంగా 64 మిల్లీసెకండ్లకొకసారి తిరిగి నింపుతుంది. కరెంటు పోతే అంతా తుడిచిపెట్టుకు పోతుంది. ఈ పద్ధతికి ఐ.బి.ఎం.కు చెందిన రాబర్ట్ డెనార్డ్ 1968లో పేటెంటు పొందారు.

ఎస్.ఎస్.డి.లోనూ, పెన్‌డ్రైవులోనూ ఉండేది ఫ్లాష్ మెమరీ. 1980లలో జపానులో తోషిబా ఇంజనీరు ఫుజియో మసువోకా కనిపెట్టారు. ఇందులో విద్యుదావేశం చుట్టూ గోడ కట్టినట్లు బంధించబడి ఉంటుంది. కరెంటు లేకపోయినా నిలుస్తుంది. ర్యామ్ కంటే వందల రెట్లు నిదానం, తిరిగే పాత హార్డ్ డిస్కు కంటే మాత్రం ఎంతో వేగం.

కనుక "స్టోరేజి నిండింది" అని ఫోను చెబితే ర్యామ్ తక్కువైందని అర్థం కాదు. షాపువాడు ఏది మార్చమంటున్నాడో అడిగి తెలుసుకొని మరీ డబ్బివ్వండి.

ఇంకొక్క మాట. ఫ్లాష్ కూడా శాశ్వతం కాదు. రాసి చెరిపినకొద్దీ ఆ గోడ అరుగుతుంది. ఏళ్లతరబడి కరెంటు తగలకుండా, అందులోనూ ఎండవేడిలో పడి ఉంటే ఆవేశం మెల్లగా కారిపోవచ్చు. ఎస్.ఎస్.డి.లో ఒకసారి చెరిపిన ఫైలు సాధారణంగా తిరిగి రాదు.

మన మిత్రుడొకరు పెన్షను కాగితాలన్నీ ఫోనులో భద్రపరచుకున్నారు. ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షనుకు పి.పి.ఒ. నకలు కావలసివచ్చింది. కాగితం ఫోనులోనే ఉంది. ఫోను తెరిచే నంబరు ఆయనతోనే పోయింది. ఆ అమ్మగారు నెలల తరబడి తిరిగారు.

అందుచేత పి.పి.ఒ., జాయింటు ఫోటో, బ్యాంకు పాసుపుస్తకం నకళ్లు కాగితం మీద ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి, పిల్లల దగ్గర ఒకటి ఉంచండి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెలలో పెన్‌డ్రైవు తెరిచి ఫైళ్లన్నీ సరిగా తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. ఎక్కడ ఏది ఉందో ఇంట్లో ఆవిడకు చూపించండి.