"సూపర్ అక్కా" తర్వాత ఏంటి? ఒకరి తెలుగు పాఠం ఒకరు చూడ్డం గురించి

హౌన్స్‌లో నుంచి మాట్లాడుతున్నాను. హీత్రూలో నైట్ డ్యూటీ దిగి బస్సులో వింటున్నవాళ్లకి, కేర్ హోమ్ బ్రేక్‌లో ఇది చదువుకుంటున్నవాళ్లకి, అందరికీ నమస్కారం. పిల్లల్ని శనివారం తెలుగు క్లాసుకి ఎందుకు పంపాలో మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి ఆ క్లాసు చెప్పేవాళ్ల గురించి మాట్లాడతాను.

మా దగ్గర జీతానికి చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఒకరిది వేర్‌హౌస్, ఒకరిది ఐటీ, ఒకరిది ఎయిర్‌పోర్ట్ క్యాటరింగ్. ఊళ్లో బీఈడీ చేసి, డీఎస్సీకి చదివి, ఇక్కడికొచ్చి వేరే పనిలో పడ్డవాళ్లూ ఉన్నారు. అద్దె హాల్లో వారానికి రెండు గంటలు. పాఠం పిల్లలకి ఎక్కిందో లేదో మాకు ఎవరు చెప్పాలి? బెంగాలీకి, గుజరాతీకి, పంజాబీకి, ఉర్దూకి ఇక్కడ జీసీఎస్‌ఈ పరీక్ష ఉంది. తెలుగుకి లేదు. అంటే మార్కుల పట్టిక కూడా లేదు. వెనక కుర్చీలో కూర్చుని చూసే ఇంకో టీచరే మాకు దిక్కు.

కానీ వెనక ఎవరైనా కూర్చుంటే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది ఇన్‌స్పెక్షన్. గోడలకి సున్నం కొట్టించి, పిల్లలకి జవాబులు ముందే బట్టీ పట్టించే రోజు. ఇక్కడ కూడా తక్కువేం కాదు, 'అవుట్‌స్టాండింగ్' అని బడి గేటుకి బ్యానర్లు కట్టడం మీరు చూసే ఉంటారు. అయితే ఆఫ్‌స్టెడ్ వాళ్లే 2014లో ఒక్కో పాఠానికి గ్రేడ్ ఇవ్వడం మానేశారు. 2024 సెప్టెంబరులో ప్రభుత్వ బడులకి ఒక్క మాటలో ఇచ్చే మొత్తం తీర్పు కూడా ఎత్తేశారు. మరి మనం వాట్సాప్‌లో పదికి ఏడు, పదికి ఎనిమిది అని వేసుకోవడం ఎందుకండీ?

అసలు ఈ పని మనకి కొత్తది కాదు. 1980లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక విద్యా పథకం ఒకటి మొదలైంది, ఏపీపెప్ అనేవాళ్లు. అందులో బ్రిటన్ ప్రభుత్వం డబ్బు ఉంది. ముందు కొన్ని జిల్లాల్లో చేసి చూసి, 1989 తర్వాత రాష్ట్రమంతా విస్తరించారు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలుసుకోవడానికి టీచర్ సెంటర్లు పెట్టారు. కలిసి పాఠాలు తయారు చేసుకోవాలి, చెప్పి చూపించుకోవాలి, మాట్లాడుకోవాలి. పిల్లలు చేసి నేర్చుకోవాలి, వాళ్ల పని గోడ మీద కనపడాలి. మీలో నలభై దాటినవాళ్లు కొందరు ఆ గోడల మధ్యే చదువుకుని ఉంటారు. దాని మీద అప్పట్లోనే ఒక విమర్శ వచ్చింది. పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టారు గానీ, గుంపులో ఎవరి పలక వాళ్లదే, పాఠం మాత్రం పాతదే అని. నాకు ఆ విమర్శ చాలా ఇష్టం. మా క్లాసులో ఎవరైనా కొత్త ఆట పెట్టినప్పుడల్లా అదే అడుగుతాను: కుర్చీలు మారాయి సరే, పని మారిందా?

ఇప్పుడు ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ సంగతి. ఈ పద్ధతికి పేరొచ్చింది అమెరికాలో కొలరాడోలోని వుడ్‌లాండ్ పార్క్ హైస్కూల్ కెమిస్ట్రీ టీచర్లు జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ వల్ల. 2007లో, క్లాసుకి రాలేకపోయిన పిల్లల కోసం పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. తర్వాత పాఠం వినడం ఇంట్లో, అభ్యాసం క్లాసులో అయింది. మాకు ఇది సరిగ్గా సరిపోతుంది. ఉన్న రెండు గంటలూ టీచరే మాట్లాడితే పిల్లలు తెలుగు మాట్లాడేది ఎప్పుడు? అందుకని బుధవారం గ్రూపులో నాలుగు నిమిషాల వీడియో పెడతాం. శనివారం మాటలన్నీ పిల్లలవే.

మాలో ఒక అక్క 'మేము', 'మనం' పాఠం ఇలాగే చేశారు. ఇంగ్లిష్‌లో రెండిటికీ 'వీ' ఒక్కటే కదా, ఇక్కడ పుట్టిన పిల్లలకి ఇది నిజంగా కష్టం. కుర్చీలు వరస పెట్టి హీత్రూకి వెళ్లే 111 బస్సు చేశారు. డ్రైవర్‌తో "మేం ముగ్గురం ఎయిర్‌పోర్ట్‌కి వెళ్తున్నాం" అనాలి. తమలో తాము "మనం ఇక్కడ దిగుదాం" అనుకోవాలి. ఒక పాప డ్రైవర్‌తో "మనం దిగుతున్నాం" అంది. అందరూ నవ్వారు, పాప కూడా నవ్వింది, ఆట సాగిపోయింది.

పాఠం అయ్యాక ఒకరు "సూపర్ అక్కా" అన్నారు. వెనక కూర్చున్న తమ్ముడు మాత్రం కాగితం చూసి చెప్పాడు: "పాపకి ఎందుకు నవ్వారో తెలీలేదక్కా. తర్వాత రెండుసార్లు తన వంతు వచ్చినప్పుడు 'వీ' అనేసింది." అంతే. సలహా ఇవ్వలేదు, పొగడలేదు. ముందు నిలబడ్డ మనిషికి కనపడనిది ఒక్కటి చూసి చెప్పాడు. తర్వాతి శనివారం అక్క ఏం చేశారంటే, ఎవరైనా "మనం దిగుతున్నాం" అన్నారంటే డ్రైవర్ కూడా లేచి బస్సు దిగిపోవాలి! (నవ్వు) బస్సు ఖాళీ. ఆ పాపే "అయ్యో, మేం, మేం" అని డ్రైవర్‌ని వెనక్కి పిలిచింది.

ఇంకొకటి ఇంత తేలిగ్గా పోలేదు. అదే ఆటలో కరీంనగర్ వాళ్ల బాబు "మేం పోతున్నం" అన్నాడు. చూసినవాళ్లలో ఒకరు "వెళ్తున్నాం అని దిద్దాలి" అని రాశారు. తెలంగాణ నుంచి వచ్చిన టీచర్ ఒకరికి మనసు కష్టమైంది, రెండు వారాలు రాలేదు. న్యాయమే కదండీ, మా ఇంట్లో మాట తప్పా అనిపిస్తుంది. ఆ బాబు 'మేం' సరిగ్గా వాడాడు, ఆ రోజు పాఠం అదే, రాయాల్సింది అదే. అప్పట్నుంచి ఏ జిల్లా మాటనీ ఎవరూ దిద్దకూడదు అని ఒప్పుకున్నాం. ఫీడ్‌బ్యాక్ వల్ల ఒక టీచర్‌ని పోగొట్టుకుంటే ఇక్కడ ఇంకొకరు దొరకరు.

మేం చేసేది పెద్ద పద్ధతేం కాదు. పాఠానికి ముందు టీచరే ఒక ప్రశ్న ఇస్తారు, ఫలానాది చూసి చెప్పండి అని. చూసేవాళ్లు పిల్లలు అన్న మాటలు అన్నట్టే రాస్తారు. హాలు తాళం వేసే లోపు టీ తాగుతూ పది నిమిషాలు, ముందు పాఠం చెప్పినవాళ్లే మాట్లాడతారు. గ్రూపులో ఏదీ పెట్టం, పిల్లల్ని వీడియో తీయం.

బీఈడీ ఉన్నవాళ్లకి ఒక మాట. 2023 ఫిబ్రవరి నుంచి ఇంగ్లండ్‌లో క్యూటీఎస్‌కి నేరుగా అప్లై చేసుకునే దేశాల్లో ఇండియా కూడా ఉంది. 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకి మ్యాథ్స్, సైన్స్, భాషలు చెప్పేవాళ్లకి. డిగ్రీ, ట్రైనింగ్, అనుభవం లాంటి షరతులున్నాయి, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకోండి. మీ పాఠాల మీద ఇలా రాసుకున్న కాగితాలు పారేయకండి, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి పనికొస్తాయి.

ఇక ఇంకా తేలనిది. వెనక కూర్చుని చూస్తేనే బయటపడింది, కొందరు పిల్లలు వీడియో చూడకుండానే వస్తున్నారని. వాళ్ల కోసం టీచర్ మళ్లీ మొదట్నుంచీ చెప్తారు, చూసొచ్చినవాళ్లు ఊరికే కూర్చుంటారు. పిల్లల్ని తిట్టి లాభం లేదు. అమ్మ లేట్ షిఫ్ట్, నాన్న నైట్స్, ఫోన్ వాళ్లతోనే డ్యూటీకి పోతుంది. ప్రస్తుతానికి హాల్లో ఒక మూల పాత టాబ్లెట్ పెట్టాం, చూడనివాళ్లు మొదటి పది నిమిషాలు అక్కడ చూస్తారు. స్లౌలోనో రెడింగ్‌లోనో హారోలోనో క్లాసు నడిపేవాళ్లు వింటుంటే, మీరు దీనికి ఏం చేస్తున్నారో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను. ఉంటానండి.