చూడనిస్తే సరిపోదు, వాడుకోనియ్యాలె
(జూబ్లీహిల్స్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఫిల్మ్ నగర్ పక్కన మాట్లాడుతున్నం గనుక సినిమా ముచ్చటతోనే షురూ చేస్త. ఈడ ఒక్క పాట అమ్మినా కాగితం ఉంటది. ఆడియో హక్కు ఎవలది, టీవీ హక్కు ఎవలది, రీమేక్ ఏ భాషకు, అన్నీ రాసుకుంటరు. అదే కొండ మీద స్టూడియోలకు, ఇండ్ల సొసైటీలకు సర్కారు ఇచ్చిన భూముల జాబితాను పటం గీసి పుస్తకమేసి అమ్మొచ్చా అని అడుగుండ్రి. సూటి జవాబు దొరకదు.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం సర్కారు తయారుచేసిన రచనకు మొదటి యజమాని సర్కారే. అచ్చయినంక 60 ఏండ్లు హక్కు దానిదే. గెజిట్‌ల వచ్చినదానికి మినహాయింపు ఉన్నది. మామూలు సర్వేలకు, నివేదికలకు లేదు. మన పన్నులతోటి తయారైనదానికి మనమే పర్మిషన్ అడగాలెనట!

2005 సమాచార హక్కు చట్టం సగం తలుపు తీసింది. దాని 9వ సెక్షన్ చదువుండ్రి. కాపీరైట్ పేరుతో దరఖాస్తు కొట్టేయాలంటే ఆ హక్కు సర్కారుది గాక వేరేవాళ్లదై ఉండాలె. మంచిదే. కానీ పేజీకి 2 రూపాయలు కట్టి తెచ్చుకున్న జిరాక్సును తర్వాత ఏంజేసుకోవచ్చో ఆ చట్టం చెప్పదు.

దీనికి కేంద్రం 2017ల ఓపెన్ డేటా లైసెన్సు తెచ్చింది. ఎక్కడ తీసుకున్నమో చెప్తే చాలు. వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, వ్యాపారానికి గూడ. మనుషుల సొంత వివరాలు దాంట్ల రావు. మన తెలంగాణ 2016లనే ఓపెన్ డేటా విధానం ప్రకటించింది. అయినా 2021 ఆగస్టుల, జీవోలను 24 గంటలల్ల వెబ్‌సైట్‌ల పెట్టుమని హైకోర్టు చెప్పవలసి వచ్చింది. రాష్ట్రం వచ్చి ఏడేండ్లయినంక!

కాగితం విలువ మనకు ఒకలు నేర్పాల్నా? 1985 నాటి 610 జీవో, దాని ఉల్లంఘనల మీద గిర్‌గ్లానీ లెక్కలు, ఇవి చేతిల పట్టుకునే గదా ఊరూరా మాట్లాడినం. అప్పుడు ఎవల పర్మిషనూ అడగలే.

అన్ని శాఖలకు ఒకటే లైసెన్సు ఉండాలె. రెవెన్యూది ఒక షరతు, నీటిపారుదలది ఇంకో షరతు అయితే, రెండు లెక్కలు కలిపి చూసే పిలగాడు నడుమల ఆగిపోతడు. ప్రతి జీవో, ప్రతి రిజిస్టరు మీద ఆ మాట అచ్చయి రావాలె. భూకేటాయింపులతోనే మొదలుపెట్టాలె: ఏ సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, ఏ ధర, ఏ పనికి ఇచ్చిండ్రు, ఆ పని అయిందా లేదా. ముందుగాల ఈ షేక్‌పేట మండలానిదే బయటపెట్టుమందాం.