నీళ్లు ఎటు పోతున్నాయి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1985 పదో తరగతి బ్యాచ్. ఇంజనీర్‌ను. ముప్పై ఏళ్లుగా బొగ్గు గనుల్లో నీళ్లు తోడే పంపుల దగ్గర పని. ఆరోగ్యం, పచ్చదనం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టర్‌ను కాను, రైతును కాను. నాకు తెలిసింది నీళ్లు. వాటి గురించే చెప్తాను.

నేను పెరిగింది నస్పూర్ కాలనీలో, కంపెనీ క్వార్టర్‌లో. వెనుక చిన్న పెరడు. అమ్మ బోళ్లు తోమిన నీళ్లు అరటి చెట్టుకు, బియ్యం కడిగిన నీళ్లు పుంటికూర మడికి పోయేవి. బాపు గని నుంచి వచ్చి స్నానం చేస్తే ఆ నల్లటి నీళ్లు చిక్కుడు పాదుకు. ఇంట్లో వాడిన నీళ్లు గడప దాటి వీధిలోకి వచ్చింది నాకు గుర్తు లేదు. బడిలో తోటపని పీరియడ్‌లో సార్ చేయించింది కూడా అదే. బోరింగ్ దగ్గర కారిపోయే నీళ్లకు చిన్న కాలువ తీసి వంకాయ, టమాట మడులకు మళ్లించాం. మార్కులు రాని పీరియడ్ కదా అని నేను ఎగ్గొట్టిన రోజులు చాలా ఉన్నాయి. ఆ సార్ ఇప్పుడు ముందు వరుసలోనే కూర్చున్నారు. క్షమించాలి సార్.

తర్వాత ఊరు పెరిగింది. పంచాయతీగా ఉన్న నస్పూర్ 2018లో మున్సిపాలిటీ అయింది. జిల్లా కలెక్టరేట్ కూడా ఇక్కడికే వచ్చింది. అందరిలాగే నేనూ సొంత ఇల్లు కట్టుకున్నాను. బురద ఉండొద్దని వాకిలి, పెరడు మొత్తం సిమెంట్ చేయించాను. వాడిన నీళ్లకు పైపు వేసి గేటు బయటికి వదిలాను. బయట అవి ఎటు పోతున్నాయో చూడలేదు. అందం కోసం వరండాలో పన్నెండు పూలకుండీలు పెట్టాను. ఒక్కోదాని కింద ఒక ప్లేటు.

కొన్నేళ్ల కింద వానాకాలంలో మా అమ్మాయికి డెంగీ వచ్చింది. కరీంనగర్‌లో ఒక ఆస్పత్రిలో ఐదు రాత్రులు కూర్చున్నాం. పొద్దున, సాయంత్రం ప్లేట్‌లెట్ల లెక్క కోసం ఎదురుచూడడం, అది తగ్గిందంటే ఆమె మొహం వైపు చూడలేకపోవడం. ఆ ఐదు రోజులూ నేను వీధి మోరీని, పక్కనున్న ఖాళీ ప్లాటును తిట్టుకుంటూనే ఉన్నాను.

అమ్మాయి కోలుకుని ఇంటికి వచ్చిన మరునాడు ఆశా కార్యకర్త వచ్చింది. మోరీ వైపు చూడనే లేదు. నేరుగా వరండాలోకి వచ్చి, ఒక కుండీ కింది ప్లేటు తీసి నా ముందు పెట్టింది. "చూడుండ్రి సార్" అంది. ఆ రెండు గుక్కల నీళ్లలో పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

డెంగీని మోసే ఏడిస్ దోమ ఎక్కువగా మురుగులో పెరగదు. కుండీ ప్లేటు, కూలర్, పాత టైరు, మూతలేని డ్రమ్ము, కొబ్బరిచిప్ప, ఇలా నిలిచిన మంచినీళ్లే దానికి కావాలి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. గుడ్లు నీటి అంచున పాత్రకు అంటుకుని నెలల తరబడి ఎండినా బతుకుతాయి. అందుకే నీళ్లు పారబోస్తే సరిపోదు, పాత్రను రుద్ది కడగాలి. మురుగునీటిలో పెరిగేది క్యూలెక్స్, బోదకాలు తెచ్చేది. రెంటికీ మందు ఒక్కటే, నీళ్లు నిలవకుండా చూడడం.

దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ కనుక్కున్నది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. 2020లో మన మున్సిపాలిటీలలో "ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు" అని ప్రచారం చేశారు, గుర్తుందా? నేను అప్పుడు నవ్వుకున్నాను. అది నినాదం కాదు, దోమ ఎదుగుదల లెక్క. వారానికి ఒకసారి నీళ్లు పారబోస్తే గుడ్డు దోమ కాలేదు. గనిలో పంపును చెడిపోయాక చూడం, వారం వారం చూస్తాం. అదే పద్ధతి.

మా గల్లీలో పద్నాలుగు ఇళ్లు. సిద్దిపేట జిల్లా ఇబ్రహీంపూర్‌లో ఇంటింటికీ ఇంకుడు గుంత తవ్వుకున్నారని విని మేమూ మొదలుపెట్టాం. నాలుగడుగుల గుంత. అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆ పైన దొడ్డు ఇసుక. నీళ్లు గుంతలో పడేముందు మెతుకులు, జిడ్డు ఆగడానికి చిన్న తొట్టి. ఆ తొట్టిని పది రోజులకోసారి శుభ్రం చేయకపోతే ఏడాదిలో గుంత పూడిపోతుంది. మరుగుదొడ్డి నీళ్లు అందులోకి రావొద్దు. బోరుకు, పునాదికి దూరంగా ఉండాలి. నల్లరేగడిలో నీళ్లు తొందరగా ఇంకవు, అక్కడ గుంత ఇంకా పెద్దది కావాలి. గుంత పక్కన అరటి, మెట్టతామర పెడితే తడిని అవే పీల్చుకుంటాయి.

నేను తిట్టుకున్న ఆ ఖాళీ ప్లాటు యజమానిని అడిగి, చెత్త తీసి అందరం కలిసి కూరగాయల తోట వేశాం. మొదటి ఏడు చెడింది. నీళ్ల కోసం పెట్టిన డ్రమ్ముకు మూత పెట్టలేదు, దోమలు అందులోనే పెరిగాయి. చిక్కుడుకాయలు ఎవరు తెంపుకోవాలని కొట్లాట. అప్పుడు గనిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరైన కాక ఒకాయన తీర్పు చెప్పాడు. "ఈ వారం నీళ్లు పోసినోళ్లు ఈ వారం తెంపుకోవాలె. మిగిలింది అంగన్‌వాడీకి." అప్పటినుంచి పంచాయితీ లేదు. తోట ఉంది. తోటకు వచ్చినవాళ్లు డ్రమ్ము మూత కూడా చూసి పోతారు. అందుకే నాకు తోట, ఆరోగ్యం రెండు పనులుగా కనిపించవు.

వరంగల్ దగ్గరి గంగదేవిపల్లి పేరు మీరంతా విన్నారు. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం అందుకున్న ఊరు. అక్కడ నీళ్లకు ఒక కమిటీ, పారిశుధ్యానికి ఒక కమిటీ, ఇలా 20కి పైగా కమిటీలు పనులు పంచుకున్నాయి. కట్టడం ఒక రోజు పని, చూసుకోవడం రోజూ పని అని ఆ ఊరికి ముందే తెలుసు.

ఇప్పుడు అసలు మాట. పొద్దున బడి వెనక్కి పోయి చూశాను. పిల్లలు చేతులు కడిగే నల్లాల కింద నీళ్లు నిలిచి ఉన్నాయి. గోడ పక్కన పగిలిన పూలతొట్లు ఇరవై, వాన నీళ్లతో. వాటి మీద పెయింట్‌తో "1985 బ్యాచ్ బహూకరణ" అని ఉంది. గత సమ్మేళనంలో మేమే ఇచ్చాం, ఫొటో దిగాం, పోయాం. మళ్లీ ఎవరమూ వచ్చి చూడలేదు. మా ఇంటి వరండాలో చేసిన తప్పే బడిలోనూ చేశాం. ఇందులో బడి తప్పేం లేదు.

ఈ స్వర్ణోత్సవ గుర్తుగా స్వాగత తోరణం కట్టాలని కొందరు మిత్రులు అంటున్నారు. కట్టండి, వద్దనను. కానీ ముందు నల్లాల దగ్గర ఇంకుడు గుంత, దాని పక్కన మధ్యాహ్న భోజనానికి ఆకుకూరల మడులు వేద్దాం. ఏడాదికి 52 ఆదివారాలు. మన బడి నుంచి ఇప్పటికి 48 పదో తరగతి బ్యాచ్‌లు బయటికి వచ్చాయి. బ్యాచ్‌కు ఏడాదిలో ఒక్క ఆదివారం. ఊళ్లో ఉన్న ఇద్దరు ముగ్గురు వచ్చినా చాలు. హైదరాబాద్‌లో, అమెరికాలో ఉన్నవాళ్లు కంకర, ఇసుక ఖర్చు చూసుకోండి.

48 పోగా నాలుగు ఆదివారాలు మిగులుతాయి. అవి మే నెలలో పెట్టి, మా బ్యాచ్ పేరు రాయండి. బడికి సెలవులు, ఎండలు మండే రోజులు, మొక్కలు చచ్చేది అప్పుడే. ఆ పూలతొట్ల బాకీ మాకు ఉంది.

సార్, అప్పుడు ఎగ్గొట్టిన పీరియడ్లు ఇప్పుడు పూర్తి చేస్తాను. మీరు వచ్చి హాజరు వేసుకోండి.