పూనకము – చైతన్యము



మాండూక్యోపనిషత్తు పన్నెండు మంత్రాలలో జాగ్రత్, స్వప్న, సుషుప్తులను వివరించి, వాటికి ఆధారమైన తురీయాన్ని బోధించింది. పత్తి, మిరప పండించే మన గుంటూరు, ప్రకాశం పల్లెలు మరొక స్థితిని కూడా ఎరుగును. కొలుపులలో డప్పుల మోత మిన్నంటగా, వేపమండలు పట్టిన భక్తురాలికి పూనకం వస్తుంది; పసుపునీళ్లు చల్లి అమ్మను శాంతింపజేస్తారు.

లయబద్ధమైన మోత, ఉపవాసం, సామూహిక విశ్వాసం కలిసినప్పుడు ధ్యాస ఒక్కచోట కుదురుకొని, 'నేను' అనే స్ఫురణ సడలుతుందని మనస్తత్వశాస్త్రం వివరిస్తున్నది. అది బూటకమూ కాదు, ఉన్మాదమూ కాదు. 1992లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన వ్యాధుల వర్గీకరణ సైతం ఆచారంలో భాగమైన ఆవేశాన్ని రోగంగా పరిగణించలేదు. ఆచారానికి వెలుపల, ఇష్టం లేకున్నా వచ్చి, నిత్యజీవనాన్ని భంగపరచేదే రోగమన్నది.

అట్టి ఆడబిడ్డను దయ్యం పట్టిందని కొట్టడం, పొగబెట్టడం మహాపాపం. వైద్యుని వద్దకు తీసుకొనిపోవడం దైవధిక్కారం కాదు. అదియూ అమ్మవారి సేవయే.

కోటప్పకొండ త్రికోటేశ్వరుడు దక్షిణామూర్తి స్వరూపుడు. మౌనమే ఆయన బోధ. పూనకం వచ్చి పోవును; దానికి సాక్షియైన చైతన్యం రాదు, పోదు. జీర్ణాలయాన్ని ఉద్ధరించిన దాతల చేతులే కలతపడిన మనసులనూ ఆదుకొనుగాక!

స్వస్తి.